స్కూలు మాన్పించి మూడేళ్లు: విశాఖలో మా ఇంటి చదువు, మీ ప్రశ్నలకి జవాబులు

కడలిగట్టు, ఎంవీపీ కాలనీ · జూన్ 8

విడివిడిగా చాలామంది ఇదే అడుగుతున్నారు కాబట్టి అంతా ఒక్కచోట రాస్తున్నాను. మా వాడికి ఇప్పుడు పదేళ్లు. రెండో తరగతి మధ్యలో స్కూలు మాన్పించాం. అప్పటినుంచి చదువంతా ఇంట్లోనే.

ముందు ఎందుకు మాన్పించామో చెప్తాను. పొద్దున్న 6:50కి వీధి చివరికి బస్సు వచ్చేది. అంటే ఐదున్నరకే లేపాలి. సాయంత్రం ఐదింటికి ఇంటికొచ్చి, పాలు తాగి, ఆరింటికి ట్యూషన్‌కి వెళ్లేవాడు. తర్వాత హోంవర్క్. అన్నం కంచం ముందు కునికిపాట్లు పడేవాడు. ఏడేళ్ల పిల్లాడండీ. సోమవారం వస్తే కడుపునొప్పి. డాక్టరు గారు చూసి, కడుపులో ఏమీ లేదమ్మా, వీడికి భయం అన్నారు. ఆ వారంలోనే డైరీలో ఎర్ర ఇంకుతో ‘స్లో’ అని రాసి పంపారు. ఎందులో స్లో అని వెళ్లి అడిగితే, బోర్డు మీదది టైముకి ఎక్కించుకోవడం లేదన్నారు. అదే పిల్లాడు ఇంట్లో కరెంటు బిల్లు చూసి, పోయిన నెలకన్నా ఎన్ని యూనిట్లు ఎక్కువ కాలిందో నోటిలెక్కన చెప్పేవాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మాన్పించాక మొదటి నాలుగు నెలలు నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. ఇంట్లోనే ఇంకో స్కూలు పెట్టాను. గోడకి టైంటేబుల్ అంటించి, తొమ్మిదికి లెక్కలు, పదికి ఇంగ్లీషు అంటూ కూర్చోబెట్టాను. వాడూ ఏడ్చాడు, నేనూ ఏడ్చాను. ఒకరోజు మా అత్తగారు వాణ్ణి వంటింట్లోకి పిలిచి, బియ్యం డబ్బా మూత తీసి, ఇత్తడి సోల చేతిలో పెట్టారు. అంచు ఒకపక్క సొట్టపోయిన పాత సోల అది, వాళ్ల అమ్మగారిదట. నాలుగు గిద్దలు పోస్తే సోల నిండిందని వాడే చూశాడు. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం అని ఆవిడ చెప్పుకుంటూ పోతున్నారు. వీడు కాసేపు గింజలు వేళ్లతో తోసుకుంటూ ఊరుకుని, “అయితే కుంచానికి అరవైనాలుగు గిద్దలా నానమ్మా?” అన్నాడు. స్కూల్లో పావు, అర అంటేనే బెదిరిపోయిన పిల్లాడు! మర్నాడు టైంటేబుల్ పీకేశాను.

ఇప్పుడు పుస్తకం ముందు కూర్చునేది రోజుకి రెండు, రెండున్నర గంటలే. హాజరు తీసుకోవడం, క్లాసంతా రాసేదాకా ఆగడం, నోట్సులు దిద్దించుకోవడానికి వరసలో నిలబడటం ఇక్కడ ఉండవు. అర్థం కానిచోట మూడు రోజులు ఆగుతాం, వచ్చేసినదాన్ని వదిలి ముందుకెళ్తాం. మిగతా పొద్దంతా వాడిది. మాకు దొరికిన పెద్ద లాభం ఈ టైమే. నిద్ర, ఆట, వాళ్ల నానమ్మ కబుర్లు, వాళ్ల నాన్నతో పొద్దున్నే రైతు బజారు అన్నీ దాంట్లోంచే వచ్చాయి. కడుపునొప్పి మళ్లీ రాలేదు.

మధురవాడ నాన్న · జూన్ 8

మీ పోస్టు మా ఆవిడా నేనూ రెండుసార్లు చదివామండీ. మాకు ఇద్దరు, పాపకి పదకొండు, బాబుకి ఏడు. వాడిదీ ఇంచుమించు మీరు చెప్పిన పరిస్థితే. కానీ భయాలు చాలా ఉన్నాయి. ఇది చట్టరీత్యా తప్పా? పదో తరగతి సర్టిఫికెట్ ఎలా వస్తుంది? రేపు ఇంజనీరింగో మెడిసినో చదువుతానంటే దారి మూసుకుపోతుందా? ఇంకోటి, మా అమ్మగారు “బడికెళ్లని పిల్లాణ్ణి ఊళ్లో ఏమని చెప్పుకుంటాం” అని ఒకటే బాధ.

పంతులమ్మ, పాడేరు వైపు · జూన్ 9

నేను ఏజెన్సీలో పంతొమ్మిదేళ్లుగా పాఠాలు చెప్తున్నాను. మీ బాబు విషయంలో మీరు చేసింది తప్పని అనడం లేదమ్మా. కానీ చదివేవాళ్లలో అన్ని రకాలవాళ్లూ ఉంటారు కాబట్టి ఒకమాట చెప్పాలి. బడి మానేసిన పిల్ల అనగానే నా కళ్లముందుకి వచ్చేది చంటి తమ్ముణ్ణి చంకనేసుకుని గుమ్మంలో నిలబడ్డ గుంట. మా బడికొచ్చే వాళ్లలో కొందరికి ఆ రోజుకి కడుపునిండా దొరికేది మధ్యాహ్న భోజనమే. ఇంట్లో పుస్తకం చదివి చెప్పే పెద్దవాళ్లు ఉండరు. కొన్ని ఇళ్లలో మాట్లాడే భాషే వేరు, పాఠ్యపుస్తకం భాష వేరు. వాళ్లకి బడి ఒక్కటే ఆధారం. 2009లో విద్యాహక్కు చట్టం తెచ్చి, 2010 ఏప్రిల్ 1 నుంచి ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య అన్నది ఇలాంటి పిల్లల కోసమే.

ఆడపిల్లని పనికి ఉంచేసుకుని, ఇంట్లోనే చదివిస్తున్నాం అని చెప్పే తల్లిదండ్రులు నాకు ఎదురయ్యారు. మీరు ఇంటి చదువు మంచిదని రాసేటప్పుడు, ఎవరింట్లో మంచిదో కూడా రాయండి.

కడలిగట్టు, ఎంవీపీ కాలనీ · జూన్ 9

టీచర్ గారూ, మీ మాట నూటికి నూరుపాళ్లూ ఒప్పుకుంటాను. మొదటి పోస్టులోనే రాయాల్సింది. ఇంట్లో కనీసం ఒక పెద్దమనిషి రోజూ మనసుపెట్టి పిల్లల దగ్గర ఉండగలిగితేనే ఇది కుదురుతుంది. మా ఇంట్లో నేనూ, మా అత్తగారూ ఉన్నాం. మా వారు ఆదివారాలు పూర్తిగా వాడికే ఇస్తారు. అలా లేకపోతే మంచి బడే మంచిది.

మధురవాడ నాన్నగారూ, చట్టం గురించి నేను తెలుసుకున్నది ఇది. విద్యాహక్కు చట్టంలో పిల్లల్ని దగ్గర్లోని బడిలో చేర్పించడం తల్లిదండ్రుల బాధ్యత అని పదో సెక్షన్లో ఉంది. చేర్పించకపోతే తల్లిదండ్రులకి ఫలానా శిక్ష అని మాత్రం ఆ చట్టంలో లేదు. ఇంటి చదువుని గుర్తిస్తూ ప్రత్యేకమైన నిబంధన కూడా లేదు. నాలుగో సెక్షన్ మాత్రం మనలాంటివాళ్లు గుర్తుపెట్టుకోవాలి. బడిలో చేరకుండా ఉండిపోయిన పిల్లల్ని, మధ్యలో ఆపేసినవాళ్లని వయసుకి తగ్గ తరగతిలోనే చేర్చుకోవాలి, అందుకోవడానికి ప్రత్యేక శిక్షణ కూడా ఇవ్వాలి అని అందులో ఉంది. అంటే ఒకవేళ మనకి కుదరకపోతే వెనక్కి వెళ్లే దారి ఉంది. సర్టిఫికెట్ సంగతి అక్కయ్యపాలెం అక్క బాగా చెప్తారు, వాళ్ల అమ్మాయి పది అలాగే రాసింది.

భీమిలి తాతయ్య · జూన్ 10

నేను పోర్టులో పనిచేసి రిటైరయ్యాను. నా మనవడు తొమ్మిదేళ్లవాడు, ఏడాదిన్నరగా ఇంట్లోనే చదువు. వాళ్ల అమ్మ ఇంగ్లీషు, తెలుగు చెప్తుంది. లెక్కలు, సైన్సు నా వాటా. ఈ వయసులో నాకు దక్కిన భాగ్యం ఇది.

మొన్న మాఘమాసంలో మేమిద్దరం చేసిన పని చెప్తాను. గోస్తని సముద్రంలో కలిసేచోట నీళ్లు కాస్త నెమ్మదిగా ఉంటాయి. అక్కడో పెద్ద బండ చూసుకున్నాం. పోటు ఎంతవరకు వస్తే అంతవరకు సుద్దముక్కతో గీత పెట్టి, ఆ టైము వాడి నోట్‌బుక్కులో రాయాలి. మొదటిరోజు గీత చెరిగిపోయింది, తడి రాయి మీద సుద్ద నిలవదని వాడికి తెలిసింది. రెండోరోజు బొగ్గు తెచ్చాడు. అదీ పోయింది. మూడోరోజు వాడే గవ్వతో గీకాడు, అది నిలిచింది. నాలుగైదు రోజులకే “తాతయ్యా, రోజూ ఆలస్యంగా వస్తోందేంటి?” అన్నాడు. కూర్చుని తీసివేతలు చేశాడు. ఒకరోజు 45 నిమిషాలు, ఇంకోరోజు 55, మొత్తం మీద రోజుకి 50 నిమిషాల దాకా. జవాబు నేను చెప్పలేదు. సాయంత్రం చంద్రుడు ఎన్నింటికి వస్తున్నాడో కూడా పక్కనే రాయమన్నాను. వారం తిరిగేసరికి రెండు వరసలూ చూసుకుని ఎగిరి గంతేశాడు.

అక్కడ వల బాగుచేసుకుంటున్న జాలరాయన ఒకాయన ఇదంతా చూస్తూనే ఉన్నాడు. “అమాస పోటు, పున్నం పోటు పెద్దవి బాబూ, ఆ రోజు మీ గీత మునిగిపోద్ది” అన్నాడు. పున్నమికి వెళ్లి చూస్తే నిజంగానే గీత నీళ్ల అడుగున ఉంది. సూర్యుడూ చంద్రుడూ భూమీ ఒకే వరసలోకి వస్తే ఇద్దరి లాగుడూ కలుస్తుందని ఇంటికొచ్చి బత్తాయి, నిమ్మకాయ పెట్టి చూపించాను. పుస్తకంలో ఇది అరపేజీ పాఠం, మాకు పదహారు రోజులు పట్టింది. ఈ జన్మలో వాడు మర్చిపోడు.

మధురవాడ బాబూ, మీ అమ్మగారి బాధ నాకు తెలుసు. మా ఇంట్లో మొదట వద్దన్నది నేనే. ఆవిడకి ఒక పని అప్పగించండి. కథలు చెప్పడమో, పద్యాలు నేర్పడమో, ఆవకాయ పాళ్లు లెక్కగట్టించడమో. వారంలో ఆవిడే మీ తరఫున మాట్లాడతారు.

అక్కయ్యపాలెం అక్క · జూన్ 11

సర్టిఫికెట్ గురించి ఇంత టెన్షన్ అక్కర్లేదు. 1989లో కేంద్రం పెట్టిన జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ ఉంది, అందరూ ఎన్‌ఐఓఎస్ అంటారు. మన రాష్ట్రానికి విడిగా ఏపీ ఓపెన్ స్కూల్ సొసైటీ కూడా ఉంది. మా అమ్మాయి ఎన్‌ఐఓఎస్‌లో పది రాసింది. పద్నాలుగేళ్లు నిండితే చేరొచ్చు. కనీసం ఐదు సబ్జెక్టులు, వాటిలో ఒక్క భాషైనా ఉండాలి. తెలుగు మీడియం కూడా ఉంది. పాస్‌కి 33 శాతం. పబ్లిక్ పరీక్షలు ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్-మే లో ఒకసారి, అక్టోబర్-నవంబర్ లో ఒకసారి. ఒకసారి చేరితే ఐదేళ్ల వరకు రిజిస్ట్రేషన్ పనికొస్తుంది, ఆ లోపు తొమ్మిది అవకాశాలుంటాయి. మా పాప మొదటిసారి మూడు సబ్జెక్టులే రాసి, ఆర్నెల్ల తర్వాత మిగతా రెండూ రాసింది. అన్నీ ఒకే వారంలో మీద పడలేదు కాబట్టి పిల్ల ప్రశాంతంగా రాసింది.

నేను పడ్డ ఇబ్బంది ఇంకెవరూ పడకూడదని ఒక జాగ్రత్త చెప్తున్నాను. పదిలో లెక్కలు తప్పనిసరి కాదు కదా అని వదిలేయకండి. తర్వాత ఎంపీసీ తీసుకుంటానంటే అప్పుడు కావాలి. మేం ఆలస్యంగా కళ్లు తెరిచి లెక్కలు తర్వాత కలిపించుకున్నాం. అలాగే ఇంటర్లో చేరేటప్పుడు మైగ్రేషన్ సర్టిఫికెట్ (ఒక బోర్డు నుంచి ఇంకో బోర్డుకి మారడానికి ఇచ్చే కాగితం) అడుగుతారు, దాచిపెట్టుకోండి.

జేఈఈ మెయిన్‌కి ఎన్‌ఐఓఎస్ ఇంటర్ ఐదు సబ్జెక్టులతో పాసైతే చెల్లుతుంది. నీట్ విషయంలో, ఓపెన్ స్కూల్లో చదివినవాళ్లు రాయకూడదని 2018లో నిబంధన పెట్టారు. అదే ఏడాది ఢిల్లీ హైకోర్టు ఆ నిబంధన కొట్టేసింది. ఏటా నోటిఫికేషన్ మాత్రం సొంతంగా చదువుకోండి, ఎవరో చెప్పారని వదిలేయొద్దు.

గాజువాక షిఫ్టు · జూన్ 11

నాది స్టీల్ ప్లాంటులో షిఫ్టు డ్యూటీ, మా ఆవిడ నర్సు. మా ఇంట్లో ఇది సాధ్యమేనా అని చాలామంది అడిగారు. సాధ్యమే, కాకపోతే క్యాలెండర్ గోడకి కొట్టుకోవాలి. నాది ‘ఏ’ షిఫ్టు, అంటే పొద్దున్న డ్యూటీ అయితే మధ్యాహ్నం రెండింటికల్లా వచ్చేస్తాను. బీ షిఫ్టయితే పొద్దున్నంతా ఇంట్లో ఉంటాను. సీ షిఫ్టు, అంటే రాత్రి డ్యూటీ వారం మాత్రం కష్టం, ఆ వారం పాప మా అక్కవాళ్లింట్లో చదువుతుంది. స్కూల్లో ఉన్నప్పుడు నా బీ షిఫ్టు వారం మొత్తం పాప మొహం చూసేవాణ్ణి కాదు. నేను లేచేసరికి అది బస్సెక్కేది, నేనొచ్చేసరికి నిద్రపోయేది. ఎనిమిదేళ్ల కూతురితో నెలలో వారం రోజులు మాటల్లేవంటే ఒక్కసారి ఆలోచించండి. ఇప్పుడు ఆ వారమే మాకు ఎక్కువ చదువు జరిగేది.

ఊరే ఒక పుస్తకం మనకి. ఆర్కే బీచ్‌లో కురుసురా సబ్‌మెరైన్ చూపించాను. 1969లో నేవీలో చేరి, 1971 యుద్ధంలో పనిచేసి, 2001లో విశ్రాంతి తీసుకుంది. లోపల నావికులు పడుకునే బెర్తులు చూసి పాప, ఇంత ఇరుకులో నెలల తరబడి ఎలా ఉన్నారని అడిగింది. దాన్నుంచి నీళ్లలో ఇనుము ఎలా తేలుతుంది, ఎలా మునుగుతుంది అన్నదాకా పోయింది. బకెట్, మూత ఉన్న సీసాతో రెండు సాయంత్రాలు గడిచాయి. స్వతంత్ర భారతంలో మొదటి పెద్ద ఓడ జలఉష 1948లో మన షిప్‌యార్డులోనే నీళ్లలోకి దిగిందని చెప్తే, పాప ఇప్పుడు దారిలో షిప్‌యార్డు కనపడిన ప్రతిసారీ నాకే పాఠం చెప్తోంది.

సీతమ్మధార కోడలు · జూన్ 13

నేను వేరే అనుభవం చెప్తాను. మేం రెండేళ్లు చేసి ఆపేశాం. నేను ఉద్యోగం మానేశాను, ఇంటి లోను ఒక్క జీతం మీద పడింది. అది ఒక కారణమే. అసలు కారణం మా అమ్మాయి. మేముండేది నలుగురు పెద్దవాళ్లే ఉన్న అపార్ట్‌మెంటు ఫ్లోరు. సాయంత్రం మిగతా పిల్లలు ట్యూషన్ల నుంచి వచ్చేసరికి ఎనిమిది. దానికి ఆడుకోవడానికి మనిషి లేదు. ఒకరోజు బాల్కనీలో నిలబడి, కింద స్కూలు బస్సు దిగుతున్న పిల్లలకి చెయ్యి ఊపుతోంది. వాళ్లెవరో దానికి తెలియదు. అది చూశాక ఇంక ఆగలేకపోయాను. ఆరో తరగతిలో ఒక చిన్న బడిలో చేర్పించాం, ఇప్పుడు సంతోషంగా ఉంది.

అలాగని ఆ రెండేళ్లూ వృథా అయ్యాయని ఎప్పుడూ అనుకోను. దానికి పుస్తకం చదివే అలవాటు అప్పుడే వచ్చింది. ద్వారకానగర్ పౌర గ్రంథాలయానికి వారం వారం వెళ్లేవాళ్లం. తెలియనిది తెలియదని టీచర్ని లేచి అడిగే ధైర్యం కూడా అప్పటిదే. మొదలుపెట్టేవాళ్లు సిలబస్ కన్నా ముందు స్నేహితుల గురించి ఆలోచించండి.

కడలిగట్టు, ఎంవీపీ కాలనీ · జూన్ 13

మీరు రాసింది చదివి కళ్లు చెమర్చాయి. పిల్లని చూసి నిర్ణయం మార్చుకోవడానికి చాలా మనసు కావాలి.

స్నేహితుల సంగతి నిజంగా పెద్దదే. దానంతట అది జరగదు, మనం కష్టపడి కూర్చాలి. మా వాడు రోజూ సాయంత్రం కాలనీ గ్రౌండులో క్రికెట్‌కి వెళ్తాడు. అక్కడ అందరూ స్కూలు పిల్లలే. అది చాలదని, మేం ఐదారు కుటుంబాలం రెండు వారాలకోసారి ఆదివారం కలుస్తున్నాం. ఆరేళ్లవాళ్ల నుంచి పదమూడేళ్లవాళ్ల దాకా ఉంటారు. తరగతి గదిలో అందరూ ఒకే ఈడువాళ్లు కదా, ఇక్కడ పెద్దపిల్లలు చిన్నవాళ్ల చెయ్యి పట్టుకుని నడిపించడం నేర్చుకుంటున్నారు. ఫిబ్రవరిలో బీచ్ దగ్గర అటవీశాఖ వాళ్ల తాబేళ్ల పొదుగుడు కేంద్రానికి తీసుకెళ్లాం. ఆలివ్ రిడ్లీ గుడ్లు ఏరి తెచ్చి, కంచె లోపల ఇసుకలో పాతిపెడతారు. పొదగడానికి 45 నుంచి 60 రోజులు పడుతుంది. ఇసుక వేడిగా ఉంటే ఆడపిల్లలు ఎక్కువ, చల్లగా ఉంటే మగవి ఎక్కువ అని అక్కడి ఆయన చెప్పగానే, మా గుంపులో పదేళ్ల పిల్ల ఒకటి, “మరి ఎండలు బాగా ముదిరితే మగ తాబేళ్లే ఉండవా?” అంది. ఆయన కాసేపు దానివైపు చూసి, శాస్త్రవేత్తల భయం కూడా అదేనమ్మా అన్నారు.

పంతులమ్మ, పాడేరు వైపు · జూన్ 14

ఆ పాప ప్రశ్న రేపు మా ఐదో తరగతిలో అడుగుతాను. కడలిగట్టు గారూ, సోలతో లెక్క కూడా చెప్పి చూశాను. మా పిల్లల ఇళ్లలో ఇంకా తవ్వలూ కుంచాలూ వాడుకలోనే ఉన్నాయి. ఒకడు ఇంటికెళ్లి నిజంగానే కొలిచి వచ్చాడు. ఒక సాయం చేస్తాను. 2020 తర్వాత వచ్చిన మన రాష్ట్రపు పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు ఉంటాయి. ఇంట్లో చదివించేవాళ్లకి అవి చాలా తేలిక. తరగతి స్థాయి ఎంతవరకు వచ్చిందో తెలియక తికమకపడేవాళ్లు అడగండి, చూసి చెప్తాను.

మధురవాడ నాన్న · ఆగస్టు 17

రెండు నెలలైంది, ఏం చేశామో చెప్పాలి కదా. ఇద్దర్నీ కూర్చోబెట్టి అడిగాం. పాప స్కూల్లోనే ఉంటానంది, దానికి అక్కడ కబడ్డీ టీమ్ ఉంది. ట్యూషన్ మాత్రం మాన్పించాం. బాబు ఇంట్లో చదువుతున్నాడు. తాతయ్య గారు చెప్పినట్టే మా అమ్మకి తెలుగు అప్పగించాను. పొద్దున్నే ఇద్దరూ వాకిట్లో కూర్చుని సుమతీ పద్యాలు చెప్పుకుంటున్నారు. పక్కింటావిడ అడిగితే, “మా మనవడికి నేనే పంతుల్ని” అంటోంది.

మొన్న వానలు తగ్గాక ఎర్రమట్టి దిబ్బలకి వెళ్లాం. ఆ గండ్లన్నీ వాననీళ్లు కోసినవే అని చెప్తే వాడు నమ్మలేదు. ఇంటికొచ్చి పళ్లెంలో ఎర్రమట్టి కుప్పపోసి, చెంబుతో సన్నగా నీళ్లు వదిలాడు. మట్టి గట్టిగా అదిమినచోట గండి నిటారుగా పడింది, వదులుగా ఉన్నచోట కూలిపోయింది. పది పన్నెండుసార్లు చేశాడు. వరండా అంతా బురద. వాణ్ణి ‘దేనిమీదా దృష్టి పెట్టడు’ అన్నవాళ్లకి ఆ గంటన్నర చూపించాలనిపించింది. వాడికి ఇంకా చదవడం నిదానమే, ‘క్ష’ దగ్గర ఆగిపోతాడు. మాకేం తొందర లేదు.

మీ ఆదివారం గుంపులో మేమూ కలవొచ్చా?

కడలిగట్టు, ఎంవీపీ కాలనీ · ఆగస్టు 17

తప్పకుండా రండి, పాపని కూడా తీసుకురండి. ఈసారి తొట్లకొండ. 1976లో నేవీవాళ్లు సర్వే చేస్తుంటే బయటపడిన బౌద్ధ ఆరామం అది. నీళ్లు నిలవ చేసుకోవడానికి రాతిలో తొలిచిన తొట్ల వల్లే ఆ పేరు. ఒక్కో తొట్టిలో ఎన్ని బిందెల నీళ్లు పట్టేవో పిల్లలు అంచనా కట్టాలనుకుంటున్నారు. పొద్దున్న ఏడింటికి కొండ కింద కలుద్దాం, ఎండెక్కితే పైన నీడ తక్కువ. టోపీ, నీళ్ల సీసా, ఒక నోట్‌బుక్ చాలు. కొలిచే టేపు భీమిలి తాతయ్య గారు తెస్తున్నారు.